వెంటనే తగ్గించే మందు మీద నా అనుమానం

“ఇది కాన్సర్‌కి ఇచ్చే మందండీ, మీకెవరు రాశారు?” అన్నాడట మందుల షాపు అబ్బాయి చీటీ చూసి. మా పిన్ని ఆ మాత్రలు కొనకుండానే వెనక్కి వచ్చేసింది. వస్తూ వస్తూ సందు మొదట్లో ఉన్న ఆరెంపీ గారి దగ్గర ఆగి, అలవాటైన ఇంజక్షన్ చేయించుకుంది. సాయంత్రానికి చేతులు తేలికపడ్డాయి. రాత్రి ఫోన్‌లో నన్ను నిలదీసింది: “పెద్ద డాక్టరు గారి మందు రెండు నెలలకి గానీ పనిచెయ్యదంట. ఈయన సూది పూటలో పనిచేసింది. చదువుకున్నదానివి, ఏది మంచి మందో నువ్వే చెప్పవే.”

సూటైన ప్రశ్న. ఫోన్‌లో చెప్పగలిగినంత చెప్పాను గానీ, ఒక్క మాటలో తేలేది కాదది. కీళ్ళు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళని మా కుటుంబంలోనూ, మా వాళ్ళ ఊళ్ళోనూ దగ్గరగా చూస్తూ వచ్చాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఈ జబ్బులో నొప్పి ఎంత తొందరగా తగ్గిందన్నది మందుకి కొలత కాదు. ఆ కొలతని నమ్ముకోబట్టే మన ఇళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళు చేతులు పోగొట్టుకుంటున్నారు. నొప్పిని పూటలో మాయం చేసే మందు ఎదురైతే ముందు అనుమానపడాలి. వారాల తరబడి ఏమీ చెయ్యనట్టు కనబడే మందు విషయంలో ఓపిక పట్టాలి. తలనొప్పికో జ్వరానికో ఇలా ఆలోచించమని ఎవరూ చెప్పరు. అందుకే ఈ మాట ఎక్కడా మింగుడుపడదు.

ముగ్గు వేసే వేళ

పిన్నికి ఇది మొదలైంది వేళ్ళ దగ్గర. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గుకి వంగితే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలిచేది కాదు. గీత సాగాల్సిన చోట కుప్పగా జారిపోయేది. పిడికిలి బిగిసేది కాదు. చింతపండు పిసకలేదు, తడిబట్ట పిండలేదు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు. గాజులు వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయేవి. తొమ్మిదీ పదీ అయ్యేసరికి ఆ బిగువు కాస్త సడలేది. మధ్యాహ్నానికి పిన్ని మామూలు మనిషే.

ఇంట్లోవాళ్ళకి ఇదెలా కనబడుతుందో ఆలోచించండి. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పిల్లల కారేజీలు కట్టాల్సిన వేళకి చేతులు రావు. పనంతా అయిపోయాక చేతులు బాగానే ఉంటాయి. “పొద్దున్న పని ఎగ్గొట్టడానికి వేషాలు” అని పిన్ని అత్తగారు నలుగురిలో అనేసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు, కళ్ళకు కనబడిందే అన్నది. అయితే ఆ పొద్దుటి బిగువే ఈ జబ్బు గుర్తు. రాత్రి గడిచేకొద్దీ వాపుని రేపే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో పెరిగి తెల్లవారుజామున ఎక్కువగా ఉంటాయి. అందుకే అప్పుడు కీళ్ళు బిగుసుకుపోతాయి. వయసు మీద వచ్చే అరుగుదల దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో లేవగానే ఉండే బిగువు అరగంటలోపు సర్దుకుంటుంది, పని చేసేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. ఇందులో కదలకుండా ఉంటే బిగుస్తుంది, కదిలేకొద్దీ వదులుతుంది. గంటా రెండు గంటలు పట్టే పొద్దుటి బిగువు వారాల తరబడి ఉంటే, అది పనిదొంగతనమా కాదా అని ఇంట్లో వాదించుకోవడం ఆపి డాక్టరుకి చూపించాలి.

రెండో గుర్తు, రెండు చేతులకీ ఒకేలా రావడం. వేళ్ళు అరచేతిలో కలిసే చోటా, వేళ్ళ మధ్య కణుపులూ, మణికట్లూ వాస్తాయి. గోళ్ళ దగ్గరి చివరి కణుపుల్ని మాత్రం ఇది దాదాపుగా ముట్టుకోదు. ఆ చివరి కణుపులు బుడిపెలు కట్టాయంటే అది ఎక్కువగా అరుగుదలే. కాళ్ళకొచ్చేసరికి పాదం ముందు భాగం. మంచం దిగి గచ్చు మీద మొదటి అడుగు వేయలేకపోవడం.

ఇవన్నీ ఉన్నా, జబ్బు పేరు బయటికి రావడానికి మన దగ్గర చాలాకాలం పడుతుంది. ఎందుకంటే కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. కాన్పయిన కొన్ని నెలలకి మొదలైతే “బాలింతప్పుడు చల్లగాలి తగిలింది” అంటారు. నిజానికి గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిస్తుంది. కాన్పు తర్వాత తిరగబెట్టడం, కొందరికి అప్పుడే మొదలవడం వైద్యులకి బాగా తెలిసిన సంగతి. 2006లో చికున్‌గున్యా మన జిల్లాల్ని ఊపేసినప్పటి నుంచి ఇంకో కారణం దొరికింది: “ఆ జ్వరం తాలూకు నొప్పులింకా పోలేదు.” చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి కీళ్ళు వాయడం ఉన్నమాటే, అచ్చం దీనిలాగే కనబడటమూ ఉన్నమాటే. ఆ పోలిక వల్లే అసలుది మరుగునపడుతుంది. రక్తపరీక్షలో ఈ జబ్బు కోసం చూసే ఆర్.ఏ. ఫ్యాక్టర్ అనే పదార్థం రాలేదు కాబట్టి జబ్బు లేదని పంపేయడం మరొకటి. జబ్బున్నవాళ్ళలో నూటికి ఇరవై ముప్ఫై మందికి అది రాదు. ఏ జబ్బూ లేని ముసలివాళ్ళలో కొందరికి వస్తుంది. కాగితం కంటే ముందు వేళ్ళు చూడాలి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 0.75 శాతం మందికి ఉంది. వెయ్యిమంది పెద్దవాళ్ళున్న పల్లెలో ఏడెనిమిది మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ లెక్కన ప్రతి ఊళ్ళోనూ తెల్లవారుజామున వేళ్ళు ముడవలేని ఆడవాళ్ళు కొందరైనా ఉంటారు.

కీలు దాటి

కీలు లోపల ఒక పల్చటి పొర ఉంటుంది, కీలు సాఫీగా కదలడానికి కావలసిన ద్రవం అక్కడే ఊరుతుంది. మన రోగనిరోధక వ్యవస్థ ఆ పొరని పరాయిదనుకుని దాని మీద పడటమే ఈ జబ్బు. పొర వాచి, మందమై, మృదులాస్థి మీదికి పాకుతుంది, దాని కింది ఎముక అంచుల్ని తినడం మొదలుపెడుతుంది. ఈ తినెయ్యడం మొదటి రెండేళ్ళలోనే ఎక్కువగా జరుగుతుంది. ఎక్స్‌రేలో కనబడేసరికి అది ఇక తిరిగి పూడని నష్టం. అందుకే కీళ్ళవైద్యులు (రుమటాలజిస్టులు) మొదటి మూడు నుంచి ఆరు నెలల కోసం అంత ఆరాటపడతారు.

అయితే దీన్ని కీళ్ళజబ్బు అనుకోవడం వల్లే సగం తేలికభావం వస్తోందని నాకనిపిస్తుంది. పిన్నికి కీళ్ళ వాపు కంటే ముందు వచ్చింది నీరసం. నిద్రపోయి లేచినా తీరని నీరసం. రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్ళలిచ్చారు, వాడింది, రక్తం పెరగలేదు. వాపుజబ్బు ఒంట్లో రగులుతున్నప్పుడు, ఉన్న ఇనుముని కూడా ఒళ్ళు వాడుకోనివ్వదు. జబ్బు అదుపులోకి వస్తేనే ఆ రక్తహీనత తగ్గుతుంది. ఇంకా కళ్ళు పొడిబారతాయి, కొందరికి ఎర్రబడి తీవ్రంగా నొప్పెడతాయి. మణికట్టులో వాపు నరాన్ని నొక్కి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. చాలాకాలం ముదిరినవాళ్ళలో మెడలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలుతుంది. అలాంటివాళ్ళకి ఏ ఆపరేషనైనా మత్తు ఇచ్చేముందు మెడ పరీక్షించాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం గుండె. గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్ళకంటే సుమారు ఒకటిన్నర రెట్లు. వాపు రక్తనాళాల లోపలి గోడల్నీ వదలదు మరి.

ఇవేవీ నొప్పిమాత్ర కొలతకి అందవు. డైక్లోఫెనాక్ లాంటివి ఆ పూటకి నొప్పినీ వాపునీ తగ్గిస్తాయి, ఎముక తినెయ్యడాన్ని ఆపవు. పైకి రంగు వేసి నిగనిగలాడే గుమ్మాన్ని లోపల చెదలు తినేసినట్టు, నొప్పి తెలియని చేతిలో కీలు కరిగిపోతూ ఉంటుంది. ఏడాది తర్వాత వేలు చిటికెనవేలి వైపు వాలిపోయినప్పుడు “ఇన్నాళ్ళూ బాగానే ఉందిగా” అంటాం.

1948లో జరిగినవి

పిన్ని ప్రశ్నని ఒకప్పుడు ప్రపంచమంతా వేసుకుంది. జవాబు కూడా పిన్ని ఇచ్చుకున్నదే ఇచ్చుకుంది.

అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఉండేవాడు. కీళ్ళు వాచినవాళ్ళకి కామెర్లు వచ్చినప్పుడూ, గర్భం వచ్చినప్పుడూ ఆ వాపులు తగ్గడం ఆయన గమనించాడు. ఒంట్లోనే ఏదో పదార్థం దీన్ని అణుస్తోందని ఏళ్ళ తరబడి దాన్ని వెతికాడు. చివరికి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసిన అడ్రినల్ గ్రంథి హార్మోన్‌ని 1948 సెప్టెంబరులో ఒక 29 ఏళ్ళ యువతికి ఇంజక్షన్‌గా ఇచ్చాడు. మంచం మీద కదలలేని ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచి, ఊళ్ళోకి వెళ్ళి షాపింగ్ చేసుకొచ్చింది. అదే కార్టిజోన్, ఇవాళ్టి స్టెరాయిడ్ మందుల కుటుంబంలోది. 1950లో హెంచ్‌కీ, కెండాల్‌కీ, స్విట్జర్లాండ్‌లో అదే పని చేసిన రైష్టయిన్‌కీ నోబెల్ వచ్చింది. జబ్బు జయించేశామన్న సంబరం కొన్నేళ్ళు సాగింది. తర్వాత మొహాలు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, ఆపగానే జబ్బు ఇంకా ఉధృతంగా తిరగబెట్టడం బయటపడ్డాయి.

ఆ సెప్టెంబరుకి నెలరోజుల ముందు, ఆగస్టులో, న్యూయార్క్ దగ్గర ఒక తెలుగువాడు నిద్రలోనే చనిపోయాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆయన తోబుట్టువుల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతని ఫోలిక్ ఆమ్లం సరిచేస్తుంది. ఆ ఆమ్లాన్నే కొద్దిగా మార్చి, దాని పనికి అడ్డుపడే మందులు కూడా అక్కడే తయారుచేశారు: అమినాప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో పసిపిల్లల రక్తకాన్సర్‌ని తాత్కాలికంగా వెనక్కి నెట్టగలిగింది ఆ రోజుల్లోనే.

1951లో అమెరికాలోనే గబ్నర్, ఆయన సహచరులు అమినాప్టెరిన్ రుమటాయిడ్ కీళ్ళవాపుల్ని తగ్గిస్తోందని రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. కార్టిజోన్ రోజుల్లో మెల్లగా పనిచేసే మందు ఎవరికి కావాలి? 1980లలో గానీ మెథోట్రెక్సేట్ మీద సరైన పరీక్షలు జరగలేదు. 1988లో గానీ అమెరికా ప్రభుత్వం దాన్ని ఈ జబ్బుకి ఆమోదించలేదు. ముప్ఫై ఏడేళ్ళు! ఇవాళ ప్రపంచమంతటా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మొదట రాసే మందు అదే. దాని పక్కన, దుష్ఫలితాలు తగ్గడానికని రాసే ఫోలిక్ ఆమ్లం మాత్రదీ అదే ప్రయోగశాల మూలం.

పిన్ని కొనకుండా వచ్చేసింది ఈ మెథోట్రెక్సేట్‌నే. ఆవిడ ఇల్లు భీమవరానికి కూతవేటు దూరం. సుబ్బారావు బృందమే ఇచ్చిన బోదకాలు మాత్ర, అదే డీఈసీ, గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తెచ్చి మింగిస్తే ఏ అనుమానమూ లేకుండా మింగిన మనిషి ఆవిడ. నేను ఆవిడకి ఈ కథ మొత్తం చెప్పాను. “అయితే మనూరి మందే అన్నమాట” అంది, మొదటిసారి కొంచెం మెత్తబడి.

పొట్లంలో ఉండేది

ఆరెంపీ గారి సూదిలో ఏముందో పిన్నికి తెలియదు. సీసా చూపించమంటే చూపించలేదు. అయితే స్టెరాయిడ్ సూదుల గుర్తులు దాగవు. ఆ ఏడాది మా ఇంట్లో పెళ్ళిలో బంధువులందరూ పిన్నిని చూసి “మొహం నిండుగా వచ్చింది, ఆరోగ్యం కుదురుకుంది” అని మెచ్చుకున్నారు. బుగ్గలు గుండ్రంగా ఉబ్బి, మెడ వెనక కొవ్వు పెరిగి, చేతులు మాత్రం సన్నబడ్డాయి. చర్మం ఎక్కడ తగిలినా కమిలిపోయేది. తర్వాతి నెలల్లో షుగర్ బయటపడింది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడితే జరిగేదిదే. ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లాలు వస్తాయి, లోపల అణిగి ఉన్న క్షయ తలెత్తుతుంది. పిన్నికి తోడికోడలు వరసయ్యే ఒకావిడకి తుంటి ఎముక తల చచ్చుబడి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. ఆవిడ వాడింది సూది కూడా కాదు, వేర్ల పొడి అని చెప్పి అమ్మిన పొట్లాలు. అంత త్వరగా పనిచేసే వేర్ల పొడి అనగానే నాకు దడ పుడుతుంది. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం చాలాచోట్ల బయటపడిన సంగతే.

ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పాలి. స్టెరాయిడ్ శత్రువేమీ కాదు. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలం గడవడానికి కీళ్ళవైద్యులే తక్కువ మోతాదులో స్టెరాయిడ్ రాస్తారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. తక్కువ మోతాదు ఎముక తినెయ్యడాన్ని కొంత నెమ్మదింపజేస్తుందని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. కాబట్టి నా గొడవ ఆ మందుతో కాదు. పేరు చెప్పకుండా, లెక్క లేకుండా, అసలు మందు జోడించకుండా ఏళ్ళ తరబడి దాన్నే ఇవ్వడంతో. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కరోజులో ఆపెయ్యొద్దని కూడా బతిమాలుకుంటున్నాను. చాలాకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒళ్ళు తన హార్మోన్ తయారు చేసుకోవడం తగ్గించేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెట్లు మెట్లుగా తగ్గించాలి.

భయం ఎక్కడ ఉండాలి

కాన్సర్ మందు అన్న మాట అబద్ధం కాదు. మెథోట్రెక్సేట్ కాన్సర్‌కి ఇస్తారు. ఒక రకం ఎముక కాన్సర్‌లో ఒక్క విడతలోనే పది గ్రాములకి మించి ఎక్కిస్తారు. పిన్నికి రాసింది వారం మొత్తానికి 15 మిల్లీగ్రాములు. ఆ రెండింటి మధ్య తేడా వందల రెట్లు. ఇంత చిన్న మోతాదులో అది కణాల్ని చంపే మందులా కాక, ఒంట్లో అడినోసిన్ అనే వాపుని అణిచే పదార్థాన్ని పెంచి పనిచేస్తుందని శాస్త్రవేత్తల అంచనా. ఈ జబ్బులో మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ళలో గుండెజబ్బు మరణాలు బాగా తక్కువగా ఉన్నాయని 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అదొక్కటే రుజువైపోదు, కానీ పిన్ని భయపడిన దిక్కుకి పూర్తిగా అవతలి దిక్కున ఉన్న ఫలితం అది.

అలాగని భయమే అక్కర్లేదంటే నేనూ ఆ షాపు అబ్బాయిలాగే సగం మాట చెప్పినట్టవుతుంది. మాత్ర వేసుకున్న రోజూ మర్నాడూ కొందరికి వికారంగా ఉంటుంది. నోట్లో పుళ్ళు రావచ్చు, జుట్టు పల్చబడొచ్చు. లివర్, రక్తకణాలు, కిడ్నీ పరీక్షలు మొదట్లో తరచుగా, తర్వాత కొన్ని నెలలకోసారి చేయించుకోవాలి. అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది, కొత్తగా పొడిదగ్గూ ఆయాసమూ వస్తే మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి. మద్యం తాగే అలవాటున్నవాళ్ళు ముందే చెప్పాలి. గర్భంలో పిండానికి ఇది ప్రమాదం. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు డాక్టరుతో మాట్లాడి నెలల ముందే దీన్ని ఆపాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసాలజీన్ లాంటి గర్భంలో వాడదగ్గ మందులకి మారాలి. పెళ్ళీడు ఆడపిల్లకి ఈ జబ్బుంటే అత్తవారికి దాచిపెట్టి, వాళ్ళ ముందు మాత్ర వేసుకోలేక మానేసే పరిస్థితి తెస్తారు కొందరు తల్లిదండ్రులు. చెప్పి పెళ్ళి చెయ్యడం తప్ప దీనికి ఇంకో దారి లేదు. దాచిన మందు వేళకి పడదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఒకటుంది. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, నోరూ పేగులూ పుళ్ళు పడి, ప్రాణం పోవచ్చు. అలా పోయిన ప్రాణాలు మన దేశంలోనూ, బయటా ఉన్నాయి. రోజూ వేసుకునే షుగర్, బీపీ మాత్రల మధ్య ఇదొకటి కలిస్తే, చదువురాని పెద్దావిడకి తేడా ఎలా తెలుస్తుంది? షాపులో నిలబడి “కాన్సర్ మందు” అని హెచ్చరించిన అబ్బాయి ఈ హెచ్చరిక చేసి ఉంటే ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టేదాన్ని.

కూలి రోజు లెక్క

నా అభిప్రాయం మీద నాకే ఒక అనుమానం ఉంది, దాన్ని దాటెయ్యలేను. ఓపిక పట్టమని చెప్పడం ఎవరికి తేలిక? నాట్ల రోజుల్లో వంగి నాట్లు వేస్తేనే కూలి వచ్చే మనిషికి, రేపు చేతులు ఆడటమే ముఖ్యం, రెండేళ్ళ తర్వాతి ఎక్స్‌రే కాదు. కీళ్ళవైద్యులు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్లే ఎక్కువ. నిమ్స్‌లో ఈ జబ్బులకి ప్రత్యేక విభాగమే ఉంది గానీ, మా పిన్ని ఊరి నుంచి అక్కడికి వెళ్ళిరావాలంటే రెండు రోజుల పని, తోడు ఒక మనిషి, ఛార్జీలు. ఆరెంపీ గారు నడిచే దూరంలో ఉన్నాడు, అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, అప్పు పెడతాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన లేకపోతే ఆ ఊళ్ళో జ్వరానికి కూడా దిక్కులేదు.

ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. అయినా నా అభిప్రాయం మారలేదు, ఎందుకంటే చేతులతో బతికేవాళ్ళకే ఈ జబ్బులో నష్టం ఎక్కువ. కుర్చీలో కూర్చుని పనిచేసే నాకు రెండు వేళ్ళు వాలిపోయినా జీతం వస్తుంది. నారు పట్టుకోవాల్సిన వేళ్ళు వాలిపోతే అక్కడితో ఆ ఇంటి ఆదాయం ఆగిపోతుంది. పైగా మెథోట్రెక్సేట్ చవకైన మందు. ఖరీదైన బయొలాజిక్ ఇంజక్షన్ల (జీవకణాల్లో తయారుచేసే మందుల) సంగతి వేరు, అవి మొదట్లోనే అందరికీ అవసరపడవు, మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష కూడా చెయ్యాలి. కాబట్టి పేదవాళ్ళకి అందనిది ఆ మాత్ర కాదు, దాన్ని సరిగ్గా మొదలుపెట్టించే మనిషి. జిల్లా ఆస్పత్రిలో నెలకోసారైనా కీళ్ళవైద్యుడు కూర్చుని, మిగతా రోజుల్లో రక్తపరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూస్తే ఈ దూరం చాలావరకు తగ్గుతుంది. ఆరెంపీ గార్లకి కూడా ఒక్క సంగతి నేర్పితే చాలు: ఆరు వారాలు దాటి రెండు చేతులూ వాచి, పొద్దున్న గంటసేపు బిగుసుకుంటే సూది వెయ్యకుండా పైకి పంపాలి.

పథ్యాల గురించి కూడా అడుగుతుంటారు. చింతపండు, వంకాయ, గోంగూర, పప్పులు మానేస్తే తగ్గుతుందంటారు. పిన్ని అవన్నీ మానేసి సన్నబడిందే గానీ వాపు తగ్గలేదు. ఏది తింటే పడటం లేదో అది మానుకోవడంలో తప్పులేదు, కానీ రక్తం తక్కువగా ఉన్న మనిషి చేత పప్పూ ఆకుకూరా మాన్పించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వావిలాకు కాచిన నీళ్ళతో కాపడం పెట్టుకుంటే హాయిగా ఉందంటే పెట్టుకోనివ్వండి. మందు మానేసి దాన్నే నమ్ముకోకపోతే చాలు. పొగతాగడం మాత్రం నిజంగా మానాల్సింది. అది జబ్బు రావడానికీ, ముదరడానికీ కూడా కారణమవుతుంది. మా పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దావిడలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మొదటి రోజు చెప్పాల్సింది

పిన్ని చివరికి మాత్ర మొదలుపెట్టింది. మొదటి నెలంతా రోజూ ఫోన్ చేసి “ఏమీ లేదే అమ్మాయ్, పనిచెయ్యట్లేదు” అనేది. మూడో నెలలో ఒకరోజు వేరే ఏదో మాట్లాడుతూ, పొద్దున్న పెరుగు చిలికానని చెప్పి ముందుకెళ్ళిపోయింది. అప్పటికే కుడిచేతి రెండు వేళ్ళు వాలిపోయాయి, అవి తిరిగిరావు. ఎడమచెయ్యి నిలబడింది. వేసవిలో ఒకసారి జబ్బు మళ్ళీ తిరగబెడితే డాక్టరు మోతాదు పెంచాడు, ఇంకో మందు కలిపాడు. ఈ మాత్రలు అందరికీ సరిపోతాయని నేను అనను. మూడింట ఒక వంతు మందికో అంతకన్నా ఎక్కువ మందికో ఇదొక్కటే చాలదు, ఇంకొకటి జోడించాల్సి వస్తుంది. కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి, అదీ తొందరగా.

డాక్టర్లని నేను కోరేది ఒక్కటే. చీటీ చేతికిచ్చే ఆ మొదటి రోజు మూడు సంగతులు నోటితో చెప్పండి: షాపులో దీన్ని కాన్సర్ మందంటారు, కంగారుపడొద్దు, రెండు నెలల దాకా ఏమీ తేడా తెలియదు, మానొద్దు, ఇది వారానికి ఒక్కసారే. వారంలో ఏ రోజు వేసుకుంటారో ఆవిడనే అడగండి. ఆదివారమంటే ఆదివారం, శుక్రవారమంటే శుక్రవారం. ఆ రోజు పేరు చీటీ మీదా, మాత్రల అట్ట మీదా తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి. చదువురానివాళ్ళయితే వెంట వచ్చిన మనిషిని లోపలికి పిలిచి ఆవిడ ఎదుటే చెప్పండి. షుగర్ మాత్రల డబ్బాలో మాత్రం కలపొద్దని, వేరే డబ్బాలో పెట్టుకోమని చెప్పండి.